మాటకు రెండు ఫిల్సులు

మహబూలాలో ఏడంతస్తుల బిల్డింగుకు నేను హారిసుని.
మెట్ల కింద గది, కరెంటు మీటర్ల పక్కనే మంచం.
మూడో ఫ్లోరు మిస్రీ ఆయన
గ్యాసు బండ పైకి మోసిన రోజు
వైఫై పాస్‌వర్డు చెప్పినాడు.

రాత్రి పదకొండు దాటి లిఫ్టు అలిసి నిలబడినాక
పగిలిన ఫోన్లో రాస్తాంటా.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకాయన పని చెప్తాడు.
"మంచి సోఫా ఎంచుకోవడం ఎలా?" అయిదు నూర్ల మాటలు.
సోఫా అనే మాట పదకొండు సార్లు తగలల్లంట,
గూగుల్ కంట పడాలంటే.
తగిలించినా,
అన్నంలో రాళ్ల మాదిరి.
సోఫా నేను మోసినా గానీ కూర్చోలేదు.
అయిదో ఫ్లోరుకు, లిఫ్టులో పట్టక, మెట్ల మీద.
ఆ సంగతి మాత్రం రాయొద్దన్నాడు.

మాటకు రెండు ఫిల్సులు.
ఖుబ్బూసు పొట్లం ఇరవై అయిదు మాటలు.
ఇంటికి దుడ్లు పంపే చార్జీ ఒకటిన్నర సోఫా.
"అమ్మ" అన్నా రెండే, "అయినప్పటికినీ" అన్నా రెండే.
"ఏమంటివి" అని కలిపితే రెండు,
"ఏమి అంటివి" అని విడదీస్తే నాలుగు.
ఇకార సంధి రాలేదని తొడపాశం పెట్టిన
సుబ్బరాయ అయ్యవారూ,
మీరు కలపమన్నవన్నీ విడగొట్టుకుంటా
బతుకుతాండా ఇక్కడ.

ఒక శుక్రవారం నాదే ఒక పేజీ మొదలుపెట్టినా.
వీసా కాగితంలో ఏం చూడల్ల అని.
"కార్మికులు తమ ఒప్పంద పత్రమును
క్షుణ్ణముగా పరిశీలించవలెను."
గది పంచుకునే హుసేన్ పీరాకు చదివి వినిపించినా.
కార్లు తుడిచే గుడ్డ పిండుతా అడిగినాడు:
"పత్రమంటే ఆకు గదా?"
మళ్లీ రాసినా.
"అన్నా, సంతకం పెట్టేముందు
జీతం అంకె మీద వాని వేలు పెట్టి చూపించమను.
పెట్టకపోతే లేచి వచ్చెయ్."
పీరాకు చదువు రాదు. ఆవలింత వస్తాది.
ఆవలించిన చోటల్లా కొట్టేసినా.
మిగిలింది ఒకటిన్నర పేజీ.

మొదటి నెల పదకొండు మంది చూసినారు,
అందులో తొమ్మిదిసార్లు నేనే.
ఆగస్టులో, ఏసీ చెడిపోయిన రాత్రి,
రాజంపేట వాళ్లెవరో వాట్సాప్‌లో పంచినారు.
తెల్లారేసరికి నాలుగు వేలు.
ప్రకటనలు పెట్టుకుంటే డాలరు నలభై సెంట్లు.
పీరాకు చాయ్ తాపించినా,
నాకు నేనే పెద్ద రచయితను అనుకున్యా ఒక పూట.

మధ్యాహ్నం పేజీ తెరిచి చూస్తే
"ఏజెంటుకు ముందే దుడ్లు కట్టొద్దు" అన్న నా మాట కిందనే
పచ్చ రంగు పెట్టె:
కువైట్‌లో డ్రైవర్ ఉద్యోగం. పది సీట్లే. ఈరోజే కట్టండి.

అట్లాంటి పెట్టె నాకు చిట్వేలి బస్టాండు గోడ మీద కనపడింది.
లక్షా ఇరవై వేలు.
స్టీరింగు అని చెప్పి చీపురిచ్చినారు.

లెక్కలో చూసినా. ఎవరో నొక్కినారు.
ఆ నొక్కుడుకు నాకు ముప్పై సెంట్లు.

దాన్ని ఆపేది యాడుందో
అన్నీ ఇంగ్లీషు గడులు, ఒకదాంట్లో ఒకటి.
ఫజర్ బాంగు వినపడేదాకా వెతికినా. దొరికింది.
ఆ మాదిరి ప్రకటనలన్నీ తీసేసినా.
మరుసటి రోజు వచ్చింది ఏడు సెంట్లు.
"ఎంతొచ్చె?" అన్నాడు పీరా, బక్కెట ఎత్తుకుంటా.
"ఏడు."
"దినార్లా?"
చెప్పులు తొడుక్కుని బయటికి పోయినా.

నూరు డాలర్లు నిండితే గానీ చేతికియ్యరంట.
ఆ ముప్పై సెంట్లు ఆడనే ఉండాయి,
తీసేదానికి గడి లేదు.
నొక్కినోడు నా పేజీ చివరిదాకా చదివినాడో,
సగంలోనే ఆవలించినాడో.

దిల్‌సుఖ్‌నగర్ ఆయన మెసేజు పెట్టినాడు:
ఈసారి కర్టెన్లు.